బొమ్మకు సిరా అంటకూడదు

అమృతమ్మ పోయి ఇరవై రెండు రోజులు.

ఇళ్ల ప్లాట్లు వేసే వెంచర్‌లో కూలికి పోయి ఇనుప చువ్వ తొక్కింది. కాలు చీము పట్టింది. శంషాబాద్‌లో నర్సింగ్ కాలేజీ వాళ్ల దవాఖానకు తీసుకుపోయాను. తన కాళ్ల మీద నడిచి మెట్లెక్కింది. మూడో రోజు పొద్దున ఒక నర్సింగ్ పిల్ల వచ్చి సూదిమందు ఎక్కించింది. ప్రాణం పోవడానికి పది నిమిషాలు పట్టలేదు.

మందు పడలేదన్నారు. ఎవరి ఒంటికి ఏది పడదో ముందే ఎవరు చెప్పగలరన్నారు. కేసు కాగితంలో మాత్రం ‘టెస్ట్ డోస్ ఇచ్చాం, రియాక్షన్ లేదు’ అని రాసి ఉంది. కింద సంతకం ఉంది.

టెస్ట్ డోస్ పెద్ద విద్యేమీ కాదు. అసలు మందు ఇచ్చే ముందు ముంజేతి మీద, చర్మం పైపొరలో ఒక చుక్క ఎక్కిస్తారు. దాని చుట్టూ పెన్నుతో సున్నా గీస్తారు. పావుగంట ఆగుతారు. సున్నాలో చర్మం ఎర్రగా పొంగితే ఆ మందు ఇవ్వరు. అంతే. ఏడో తరగతితో చదువు ఆపిన నాకే ఇది అర్థమైంది.

పదకొండో నాడు, వచ్చినవాళ్లు తిని వెళ్లాక, నా వదిన దుర్గవ్వ అంట్లు తోముతూ ఒక మాట అన్నది. అమృతమ్మకు ఆఖరి స్నానం చేయించింది ఆమెనే.

“సూదికి ముందు చేతి మీద పెన్నుతోని సున్నా గీస్తరు గద మరిదీ. మా చెల్లెకు ఏ చేతి మీద లేకుండె. రెండు చేతులు నేనే రుద్దిన. పెన్ను గీత సబ్బుకు పోదు. నాకెరుక.”

ఆ మర్నాటి నుంచి కాలేజీ గేటు దగ్గర కూర్చున్నాను. ఎయిర్‌పోర్ట్ రోడ్డు నడుమ చెట్లకు ట్యాంకర్‌తో నీళ్లు పట్టడం నా పని. తెల్లారకముందే ఆరాంఘర్ దగ్గర మొదలుపెడితే ఎనిమిదికి అయిపోతుంది. అక్కడి నుంచి తడి ప్యాంటుతోనే వచ్చి కూర్చునేవాణ్ణి. వాచ్‌మన్ లేపేవాడు. నాలుగు అడుగులు జరిగి మళ్లీ కూర్చునేవాణ్ణి. అడిగినవాళ్లందరికీ చేతి మీద సున్నా లేని సంగతి చెప్పేవాణ్ణి. పదకొండో రోజు కాలేజీ యజమాని జగన్మోహనరావు కారు నా ముందు ఆగింది. అద్దం దిగింది.

“లోపలికి రండి ముత్తయ్య గారూ,” అన్నాడు.

నా పేరు అతనికి తెలుసని అప్పుడే తెలిసింది.

గదిలో కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. నేను తాగలేదు. అరవై ఏళ్లుంటాయి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు. ఎదుటివాడు అడ్డు తగలడని నమ్మకం ఉన్నవాళ్లు అలా మాట్లాడతారు.

“తప్పు జరిగిందండి. నేను దాచను. ఆ అమ్మాయి నిర్లక్ష్యం చేసింది. టెస్ట్ డోస్ ఇవ్వకుండానే ఇచ్చానని రాసింది. ఈ రోజుతో కాలేజీ నుంచి తీసేస్తున్నాం.”

టేబుల్ మీద ఒక కాగితం నా వైపు తిప్పాడు. పోలీసులకు ఫిర్యాదు. నేను రాసినట్టుగా టైపు చేసి ఉంది. మూడో సంవత్సరం విద్యార్థిని శోభ నిర్లక్ష్యం వల్ల నా భార్య మరణించింది అని ఉంది. ఆ పిల్ల పేరు నాలుగు చోట్ల ఉంది. ఇంకెవరి పేరూ ఒక్క చోట కూడా లేదు.

“మీరు సంతకం పెట్టండి. స్టేషన్‌కు నేనే పంపిస్తాను. మీరు తిరగక్కర్లేదు.”

పెన్ను తీసుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు కావలసింది అదే. ఇరవై రెండు రోజులుగా ఆ పిల్ల మొఖం నా కళ్ల ముందు ఉంది. జైల్లో చూడాలనుకున్నాను. తెల్ల బట్టలు ఊడదీసి రోడ్డు మీద నిలబెట్టాలనుకున్నాను. సంతకం పెట్టే చోటు దాకా పెన్ను పోయింది.

ఆపాను.

“ముందుగాల నేను సూడాలె సారూ.”

“ఏం చూస్తారు?”

“ఆ రోజు ఏం చేసిందో నా కండ్ల ముంగట చెయ్యమనుండ్రి. ఏది విడిచిపెట్టిందో నేను సూస్త. సూసి పెడుత సంతకం.”

అతను నవ్వాడు. “దానికేముందండి. మా ల్యాబ్ కూడా చూసినట్టుంటుంది. ఇలాంటి ల్యాబ్ ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. మేం ఎలా నేర్పుతామో మీకే తెలుస్తుంది.”

తెలిసింది.

ల్యాబ్ దవాఖాన భవనంలోనే, రెండో అంతస్తులో ఉంది. అచ్చం వార్డులాగే ఉంది. మంచం, సెలైన్ స్టాండు, పరదా, గుండె కొట్టుకోవడం చూపించే టీవీ. మంచం మీద ఒక బొమ్మ పడుకొని ఉంది. మనిషంత బొమ్మ. ఛాతీ పైకి కిందికి ఆడుతోంది. రెప్పలు కొడుతోంది. కిటికీ అవతల విమానం దిగినప్పుడల్లా అద్దాలు సన్నగా మోగాయి. బొమ్మ మాత్రం అదే తీరున రెప్పలు కొట్టింది.

“ఊపిరి తీస్తుంది. నాడి కొట్టుకుంటుంది. జ్వరం తెప్పించొచ్చు, ప్రాణం తీయొచ్చు, మళ్లీ బతికించొచ్చు,” అన్నాడు జగన్మోహనరావు. “పిల్లలు దీని మీద తప్పులు చేసి నేర్చుకుంటారు. మనుషుల దగ్గరికి వెళ్లాక తప్పు చేయరు.”

అన్నాక అతనికే తెలిసినట్టుంది.

ల్యాబ్ చూసే టీచరమ్మ ప్రసన్నలక్ష్మి అక్కడే ఉంది. గుంటూరు వైపు మనిషి. యాభై దాటిన మనిషి, గంజిపెట్టిన చీర, మెడలో తాళంచెవుల తాడు. నాకు నమస్కారం పెట్టింది. కళ్లలోకి చూడలేదు.

శోభ మంచం పక్కన నిలబడి ఉంది. ఇరవై ఏళ్లు. కొత్తూరు అవతల పల్లె. నూనె రాసి గట్టిగా అల్లిన జడ. కళ్ల కింద ఉబ్బి ఉంది.

“బాపూ,” అన్నది నన్ను చూసి.

“బాపు అనకు.”

తల దించుకుంది.

“నువ్వు టెస్ట్ డోస్ ఇచ్చినవా ఆ రోజు?” అడిగాను.

“ఇచ్చిన.”

“అబద్ధం.”

“ఇచ్చిన. ఒట్టు. మా నాయిన మీద ఒట్టు. సున్నా గీసిన, పావుగంట ఆగిన. నాకు మంచిగ యాదికున్నది.”

జగన్మోహనరావు నా వైపు చూసి తల ఊపాడు. విన్నారా అన్నట్టు. “మూడు వారాల నుంచి ఇదే మాటండి. చేతి మీద గుర్తు లేదని మీ వాళ్లే చెబుతున్నారు. ఇంకా బుకాయిస్తోంది.”

“చెయ్యి,” అన్నాను శోభతో.

ప్రసన్నలక్ష్మి అద్దాల గదిలోకి వెళ్లి మైకు ముందు కూర్చుంది. బొమ్మ ఛాతీలోంచి ఆమె గొంతు వచ్చింది. “నాకు చాలా నీరసంగా ఉందమ్మా. కాలు బాగా నొప్పిగా ఉందమ్మా.”

అమృతమ్మ ఎన్నడూ ఆ మాటలు అనలేదు. కాలు బరువెక్కి అడుగు వేయలేనప్పుడు కూడా, ఇంట్లో ఎసరు ఎవరు పెడతారని అడిగింది.

శోభ చేతులు కడుక్కుంది. పరదా లాగింది. బొమ్మ పేరు అడిగింది. మణికట్టు పట్టీ చూసింది. నీడిల్ ట్రేలో రెండు సిరంజీలు పెట్టుకుంది. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ప్రతి పనినీ పైకి చెప్పింది. చేతులు కడుక్కున్నాను. పేరు సరిచూశాను. మందు పేరు సరిచూశాను. అద్దం వెనక ప్రసన్నలక్ష్మి చేతిలో చెక్కపలక, దాని మీద కాగితం. ఒక్కో మాటకూ ఒక టిక్కు పెట్టింది.

అంతవరకు నాకు వంక దొరకలేదు. ఆ పిల్ల చెయ్యి నెమ్మది. ఆ నెమ్మది చూస్తే నాకు ఇంకా కోపం వచ్చింది.

తర్వాత చిన్న సిరంజి ఎత్తింది. బొమ్మ చేతి మీద అరచేతంత ఎత్తులో పట్టుకుంది. ఒక్క గుక్కలో, ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పింది.

“చర్మంలో టెస్ట్ డోస్ ఇచ్చాను, చుట్టూ గుండ్రంగా గీశాను, పదిహేను నిమిషాలు ఆగాను, రియాక్షన్ లేదు.”

చిన్న సిరంజి పక్కన పెట్టింది. పెద్దది ఎత్తింది.

అద్దం వెనక నాలుగు టిక్కులు పడ్డాయి.

ఆ మాట నేను విన్నాను. ఆ రాగం కూడా విన్నాను.

ఆ రోజు నేను అమృతమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాను. ఈ పిల్ల వచ్చి ఇదే మాట గడగడా చెప్పింది. అమృతమ్మ నా వైపు చూసి, “ఏమంటున్నది పిల్ల?” అని అడిగింది. నేను నవ్వాను. “పాఠం అప్పజెప్పుకుంటున్నది. చదివే పిల్ల. మంచిదే,” అన్నాను. అమృతమ్మ తన చెయ్యి ముందుకు చాపింది.

ఆ మాట అన్నది నేనే. దానికి ఎవరి మీద కాగితం రాయాలి?

“ఆగు,” అన్నాను. “పదిహేను నిమిషాలు యాడున్నయి?”

శోభకు ప్రశ్న అర్థం కాలేదు. “ఆగిన గద.”

“ఎప్పుడు ఆగినవ్? గోడ మీద గడియారం సూడు. సగం నిమిషం గూడ కాలే.”

“చెప్పిన గద… ఆగిన్నని.”

జగన్మోహనరావు కలగజేసుకున్నాడు. “ఇది ల్యాబ్ కదండి. ఒక్కో అమ్మాయికి ఎనిమిది నిమిషాలే ఇస్తాం. ఒక్క టెస్ట్ డోస్‌కే పావుగంట ఆగితే అరవై మంది పిల్లలకు ఎప్పుడు పూర్తవుతుంది? అందుకని చెబితే చాలు.”

“మరి సూది? సూది గుచ్చలే. సున్నా గియ్యలే.”

ప్రసన్నలక్ష్మి అద్దాల గది నుంచి బయటకు వచ్చింది. గోడ వైపు చూసింది. నేనూ చూశాను. ఫ్రేము కట్టిన అట్ట ఉంది. పెద్ద అక్షరాలు.

‘బొమ్మపై పెన్ను వాడరాదు. చేతి చర్మంపై సూది గుచ్చరాదు. చెప్పినచో చాలును.’

“బొమ్మ చర్మానికి పెన్ను గీత అంటితే పోదండి,” అన్నది ప్రసన్నలక్ష్మి. “స్పిరిట్‌తో తుడిచినా లోపలికి ఇంకిపోతుంది. సూదులు గుచ్చితే చర్మం పాడవుతుంది. కొత్త చెయ్యి బయటి దేశం నుంచి రావాలి, నెలలు పడుతుంది. బొమ్మ వచ్చిన మొదటి వారంలోనే ఒక అమ్మాయి తెలియక గీసేసింది. అప్పటి నుంచి ఈ రూలు.”

నేను మంచం దగ్గరికి వెళ్లి బొమ్మ ఎడమ చెయ్యి తిప్పాను. ముంజేతి మీద నీలం రంగు సున్నా. వెలిసింది కాని పోలేదు. పావలా బిళ్లంత. ఆ పిల్లెవరో చక్కగా గీసింది.

ఆ భవనంలో సున్నా ఉన్న చెయ్యి అదొక్కటే.

“దీన్ని దించుండ్రి,” అన్నాను.

“ఏమిటండి?”

“బొమ్మను దించుండ్రి. నేను పండుకుంట.”

జగన్మోహనరావు లేచాడు. “అలా కుదరదు ముత్తయ్య గారూ. మనుషుల మీద నేర్పకూడదు. రూల్సు ఒప్పుకోవు.”

“మనుషుల మీదనే నేర్సుకున్నరు గద సారూ. నా పెండ్లాం మనిషి గాదా?”

నేనే బొమ్మ చంకల్లో చేతులు వేసి లేపాను. అమృతమ్మ కన్నా బరువుంది. పక్కన కుర్చీలో కూర్చోబెట్టబోతే నడుము వంగలేదు. కర్రలా కుర్చీకి అడ్డంగా వాలింది. రెప్పలు కొడుతూనే ఉంది. చొక్కా చెయ్యి మడిచి మంచం మీద పడుకున్నాను.

“నాకు వేరే ఏం చెప్పకు. ఆ రోజు చేసినట్టే చెయ్యి. నేను అమృతమ్మను.”

శోభ ప్రసన్నలక్ష్మి వైపు చూసింది. ఆమె చిన్న సిరంజిలో ఉప్పునీళ్లు నింపి, మూత పెట్టి చేతికిచ్చింది. “చెయ్యమ్మా,” అన్నది.

నా మణికట్టు పట్టుకుంది. వేళ్లు మంచులా ఉన్నాయి. పేరు అడిగింది. “అమృతమ్మ,” అన్నాను. ఆమె చెయ్యి ఒక్కసారి ఆగింది. తర్వాత పనిలో పడింది. పనిలో పడ్డాక ఆ పిల్ల మొఖం మారింది. భయం పోయింది. చేతులు తమకు తెలిసిన దారిలో పడ్డాయి. పరదా లాగింది. దూదితో నా ముంజేయి తుడిచింది. చిన్న సిరంజి ఎత్తింది. అరచేతంత ఎత్తులో పట్టుకుంది.

“చర్మంలో టెస్ట్ డోస్ ఇచ్చాను, చుట్టూ గుండ్రంగా గీశాను, పదిహేను…”

ఆగిపోయింది.

సిరంజి చూసుకుంది. సూది మీద మూత అట్లనే ఉంది. నా చెయ్యి చూసింది. తడి తప్ప ఏమీ లేదు. మళ్లీ సిరంజి చూసింది. విమానం ఒకటి దిగింది. అద్దాలు మోగి ఆగాయి. ఆమె ఇంకా సిరంజి చూస్తూనే ఉంది.

“మూత తియ్యలే,” అన్నది. నాతో కాదు.

నేను చెయ్యి అలాగే చాపి ఉంచాను.

“ఆ రోజు గూడ తియ్యలే. మూతతోనే డబ్బాల ఏసిన. సప్పుడైంది. మూత ఉంటె ఏరే సప్పుడు అయితది.” ఆమె మంచం పట్టె పట్టుకుంది. “ఇచ్చినట్టే యాదికున్నది నాకు. ఇయ్యాల్టిదాంక ఇచ్చిన్ననే అనుకుంటున్న. నేను అబద్ధం ఆడలే.”

ఆడలేదు. అది నాకు తెలిసిపోయింది. అబద్ధమాడి ఉంటే బాగుండేది. నా పని సులువయ్యేది.

లేచి కూర్చున్నాను. “వార్డుల ఎన్నిసార్లు ఇచ్చినవ్ టెస్ట్ డోస్? నీ చేతితోని?”

“ఒక్కసారి గూడ ఇయ్యలే. సిస్టరమ్మ చేస్తుంటే రెండుసార్లు దూరం నుంచి సూసిన. మేం పన్నెండు మందిమి ఒక్క మంచం చుట్టు నిలవడితిమి. ముంగట పొడుగు పిల్లలుండె.”

ప్రసన్నలక్ష్మిని అడిగాను. “ఈమె ఒక్కతేనా, అందరు ఇంతేనా?”

ఆమె చెక్కపలక గుండెలకు ఆనించుకుంది. “అందరూ ఇంతేనండి. ల్యాబ్‌లో నేర్చుకున్నారని వార్డు పోస్టింగ్ గంటలు తగ్గించేశాం. ఆరేళ్లుగా ఇంతే. చెప్పావా అని అడుగుతాను. చెప్పాను మేడం అంటారు. టిక్కు పెడతాను.” చెక్కపలక కిందికి దించింది. “శోభకు ఇరవైకి పంతొమ్మిది వేశాను. నేనే.”

“మేడం,” అన్నాడు జగన్మోహనరావు.

“ఉన్నదే చెబుతున్నానండి.”

“మీరు ఉన్నది చెప్పక్కర్లేదు. అడిగిందానికి చెప్పండి చాలు.” వెంట తెచ్చిన ఫిర్యాదు కాగితం చాపుతూ నా వైపు తిరిగాడు. “ముత్తయ్య గారూ, మీరు చూడాలన్నారు, చూశారు. ఆ అమ్మాయి మూత తీయలేదు. తనే ఒప్పుకుంది. ఇక సంతకం పెడితే…”

మంచం దిగాను. కాగితం అతని చేతిలోంచి తీసుకున్నాను. చించుతాననుకున్నాడేమో. చించలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను.

“దీంట్ల ఒక్క పేరే ఉన్నది సారూ. చోటు ఇంక మస్తున్నది.”

శోభ నా కాళ్ల దగ్గరికి వచ్చింది. వెనక్కి జరిగాను.

“మాఫీ అడగకు. నేను ఇయ్య. నీ పేరు కొట్టెయ్య. దాని మీద ఇంకో రెండు పేర్లు రాస్త, గంతే. నాకొక్క మాట ఇయ్యి. ఇగ నువ్వు బతికున్నన్ని దినాలు సూది పట్టుకోని మనిషిని ముట్టొద్దు.”

“ముట్ట,” అన్నది.

“గట్టిగ చెప్పు. చెప్పుడు నీకు అలవాటే గద.”

అన్నాను. అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకోను.

“ముట్ట,” అన్నది మళ్లీ. చేతులు వెనక్కి పెట్టుకుంది. అప్పుడు ఆమె కళ్లు గడియారం మీద పడ్డాయి. మొఖంలో ఉన్న కాస్త రంగూ పోయింది.

“మేడం. పది గంటల సూదులు.”

ప్రసన్నలక్ష్మి గడియారం చూసింది. పదికి పన్నెండు నిమిషాలు తక్కువ.

“వార్డుల ఎవరున్నరు?” అడిగాను.

“మా క్లాసు పిల్లలే. సంయుక్త, ఇంకొక పిల్ల,” అన్నది శోభ.

ప్రసన్నలక్ష్మి గోడ దగ్గర ఫోను ఎత్తింది. జగన్మోహనరావు వెళ్లి ఫోను మీట నొక్కి పట్టుకున్నాడు. గొంతు పెంచలేదు.

“ఏమని చెబుతారు మేడం? మా పిల్లలకు టెస్ట్ డోస్ రాదు, ఆపండి అని చెబుతారా? వార్డు నిండా అటెండెంట్లు ఉన్నారు. సాయంత్రానికి మనందరం స్టేషన్‌లో ఉంటాం.”

“చెయ్యి తీయండి సార్.”

“మీకు పెన్షన్ లేదు. కూతురి చదువు ఉంది. ఒక్క నిమిషం ఆలోచించండి.”

ఆమె ఆలోచించిందో లేదో నేను చూడలేదు. శోభ తలుపు దాటింది. నేను ఆమె వెనక పడ్డాను. లిఫ్ట్ కోసం ఆగలేదు. మెట్ల మీద ఆ పిల్ల చెప్పులు జారాయి, వదిలేసి దిగింది. నేను గోడ పట్టుకుని దిగాను.

ఆడవాళ్ల వార్డు మొదటి అంతస్తు. అమృతమ్మ పడుకున్న వార్డే. ఇరవై రెండు రోజుల తర్వాత మళ్లీ అందులో కాలు పెట్టాను. ఆమె మంచం మీద ఎవరో బాలింత సొరకాయ కూర కలుపుకొని తింటోంది.

సంయుక్త ట్రే తుడుస్తోంది. బొద్దుగా ఉన్న పిల్ల. శోభను చూసి ముక్కు చిట్లించింది.

“నువ్వెందుకొచ్చినవే? నిన్ను వార్డుకు రావొద్దన్నరు గద. నా డ్యూటీ గూడ ఊడగొడ్తవా ఏంది?”

“పది గంటల మందులు ఆపు.”

“ఏం ఆపాలె? అయిపోయినయి. సిస్టరమ్మ ఒకామెను స్కానింగ్‌కు తోల్కపోయింది. జల్ది కానియ్యమన్నది, కానిచ్చినం.”

“ఎవరికన్న కొత్త మందు ఉండెనా?”

“ఏడో నంబరు అవ్వకు. రాత్రి డాక్టర్ మార్చిండు.”

“టెస్ట్ డోస్?”

“చెప్పిన,” అన్నది సంయుక్త.

ఆ మాట నోట్లోంచి వచ్చాక కూడా ఆమెకు తేడా తెలియలేదు. శోభకు తెలిసింది. నాకు తెలిసింది.

ఏడో మంచం దగ్గర నడివయసు ఆడమనిషి లేచి నిలబడి మా వైపు చెయ్యి ఊపింది. కోడలనుకుంటాను. “ఓ సిస్టరూ, మా అత్తకు ఒళ్లంత దురద పెడుతున్నదంట. జర వచ్చి సూడు బిడ్డా. గీక్కుంటనే ఉన్నది.”

అమృతమ్మ కూడా ముందు దురదే అన్నది. దుప్పటి పడలేదేమో అన్నాను నేను. దుప్పటి తీసి దులిపాను. దులిపి మళ్లీ కప్పేలోపల గొంతు పట్టేసింది.

అవ్వ మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. కింది పెదవి అప్పుడే బరువెక్కింది. గాలి కోసం నోరు తెరిచింది. సన్నగా ఈల లాంటి చప్పుడు వచ్చింది. సంయుక్త చేతిలో ట్రే గుడ్డ కింద పడింది. “డాక్టర్‌ను పిలుస్త,” అంటూ బయటకు ఉరికింది. రెండో పిల్ల గోడకు ఆనుకుని ఏడవడం మొదలుపెట్టింది.

శోభ సెలైన్ చక్రం తిప్పి మందు ఆపింది. అత్యవసర మందుల డబ్బా ఈడ్చుకొచ్చి తెరిచింది. తెరిచి, చేతులు వెనక్కి తీసుకుంది. నా వైపు చూసింది.

“అడ్రినలిన్ ఇయ్యాలె. తొడల. ఇప్పుడే ఇయ్యాలె. డాక్టర్ వచ్చేదాంక ఆగదు.”

“ఇచ్చినవా ఎప్పుడన్న?”

“బొమ్మకు. ఇరవై సార్లు.” డబ్బా వైపు చూసింది. “నోటితోని.”

అవ్వ కోడలు మా ఇద్దరి మొఖాలు మార్చి మార్చి చూస్తోంది. ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. తెల్ల బట్టల పిల్ల మందు తెలిసి కూడా ఎందుకు ఆగిందో, చెమటపట్టిన ఈ ముసలివాడు ఎవడో ఆమెకు తెలియదు. “ఏమైంది అన్నా? జర చెప్పు ఆ పిల్లకు,” అన్నది నాతో.

నా పెళ్లాన్ని చంపిన చెయ్యి అది. ఆ వార్డులో మందు పేరు తెలిసిన చెయ్యి కూడా అదొక్కటే. అవ్వ ఈల సన్నబడుతోంది.

“ముట్టు,” అన్నాను.

శోభ చిన్న గాజు సీసా తీసింది. మెడ విరచబోయింది. వేళ్లు వణికాయి. సీసా విరగలేదు. ఇంకా గట్టిగా పట్టింది. అది ఆమె పిడికిట్లోనే నలిగిపోయింది. మందూ నెత్తురూ కలిసి మణికట్టు మీదుగా కారాయి.

డబ్బాలోకి చూశాను. ఇంకొక్కటే ఉంది. దాని కోసం ఆమె చెయ్యి చాపింది. ఆ చేతి వణుకు ఇంకా ఆగలేదు.